ఎక్స్‌వీ6లో కొత్త సిస్టమ్ కాల్: నీకు పానిక్ ఎందుకు, నీ ఫ్రెండ్‌కి సున్నా ఎందుకు

తమ్ముడూ, నువ్వడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, తేడా ఉంటే దిద్దు. గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నావు. ఓఎస్ ల్యాబ్‌లో ఎక్స్‌వీ6 అనే చిన్న పాఠాల ఓఎస్ ఇచ్చి, దాంట్లో కేఇన్ఫో అనే కొత్త సిస్టమ్ కాల్, అంటే యూజర్ ప్రోగ్రామ్ కెర్నల్‌ని (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని) పని అడిగే దారి, పెట్టమన్నారు. మెషీన్‌లో ఎన్ని బైట్ల మెమరీ ఖాళీగా ఉంది, ఎన్ని ప్రాసెస్‌లు ఉన్నాయి అన్న రెండు అంకెల్ని ఒక స్ట్రక్చర్‌లో పెట్టి యూజర్ ప్రోగ్రామ్‌కి అందించాలి. హిందీ వీడియో ఒకటి చూసుకుంటూ చేశావు. మొదట 'అన్‌నోన్ సిస్ కాల్ 22' అంది. తర్వాత 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' వచ్చింది, పోయింది, మేక్ క్లీన్ కొట్టగానే మళ్లీ వచ్చింది. అదీ సర్దుకున్నాక ఇప్పుడు ప్రోగ్రామ్ నడపగానే 'పానిక్: కెర్నల్‌ట్రాప్' అని మొత్తం ఆగిపోతోంది. నీ పక్క సీటు ఒడియా ఫ్రెండ్‌కి పానిక్ రాదు, ఖాళీ మెమరీ సరిగ్గానే వస్తుంది, ప్రాసెస్‌ల సంఖ్య మాత్రం ఎప్పుడు చూసినా సున్నా. చివర్లో, 'సార్, ఒక్క ఫంక్షన్‌కి ఇన్ని ఫైళ్లు ఎందుకు ముట్టుకోవాలి?' అన్నావు.

నేను ఉండేది రాయగడలోనే. చాలా ఏళ్లు చిన్న చిన్న బోర్డుల మీద ఫర్మ్‌వేర్ రాసి, ఇప్పుడు పిల్లలకి ఇదే ఓఎస్ ల్యాబ్ చెబుతున్నాను. ఇల్లు పర్లాకిమిడి అన్నావు కాబట్టి మామూలు మాటల్లోనే రాస్తున్నా. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి కుర్రాడికి గ్రాంథికంలో జవాబు రాస్తే బాగోదు. రెండు షరతులు. పూర్తి కోడ్ ఇవ్వను, అది నీ మార్కులకి సంబంధించింది. ఫైళ్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తాను, సోర్స్ పక్కన తెరిచి పెట్టుకుని చదివితే ఏది ఏదో ఇట్టే తెలుస్తుంది.

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతా, మిగతా రెండూ దాని కడుపున పుట్టినవే కాబట్టి.

యూజర్ ప్రోగ్రామ్, కెర్నల్ అనేవి రెండు వేరు వేరు ప్రోగ్రాములు. వేరుగా కంపైల్ అవుతాయి, వేరుగా లింక్ అవుతాయి. మామూలు సి ప్రోగ్రామ్‌లో ఒక ఫైల్లో ఫంక్షన్ రాసి ఇంకో ఫైల్లో పిలిస్తే లింకర్ మధ్యలో ఉండి ఆ రెండిటినీ కలుపుతుంది, పేరు దొరక్కపోతే అరుస్తుంది. ఇక్కడ ఆ మధ్యవర్తి లేడు. నీ కేఇన్ఫోటెస్ట్ ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌కి వెళ్లేవి ఒక అంకె, కొన్ని రిజిస్టర్లు (సీపీయూ లోపలి చిన్న గడులు), అంతే. ఏ సిస్టమ్ కాల్ కావాలో చెప్పే అంకె ఏ7 రిజిస్టర్‌లో, ఆర్గ్యుమెంట్లు ఏ0 నుంచి ఏ5 దాకా, వచ్చే జవాబు మళ్లీ ఏ0లో. పేరు అటు దాటదు, టైపు కూడా దాటదు. నువ్వు ఇటు పంపింది పాయింటరా, పూర్ణాంకమా, చెత్తా అన్నది అటువైపు తెలియదు. యూజర్‌కీ కెర్నల్‌కీ మధ్య ఉన్న ఈ గీతకి ఇటు రాసినదానికీ అటు రాసినదానికీ పొంతన కుదిరిందా లేదా అని చూడడం కంపైలర్ వల్ల కాదు, చూడాల్సింది నువ్వే. నీ పానిక్ అయినా, నీ ఫ్రెండ్ సున్నా అయినా కంపైలర్ నోరు మెదపని ఆ చోట వచ్చినవే.

ఈ మాట మనసులో పెట్టుకుంటే ఫైళ్ల లిస్ట్ బట్టీ పట్టక్కర్లేదు, ఏది మర్చిపోతే ఏ ఎర్రర్ వస్తుందో నీకే తడుతుంది. ఇటువైపు యూజర్.హెచ్‌లో కేఇన్ఫో డిక్లరేషన్ ఉండాలి, లేకపోతే 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' అని కంపైల్ దగ్గరే ఆగుతుంది. ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్ వార్నింగులని కూడా ఎర్రర్లుగానే చూస్తుంది. డిక్లరేషన్ ఉన్నా ఒళ్లు లేకపోతే లింకర్ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటుంది. ఆ ఒళ్లు మూడంటే మూడే ఇన్‌స్ట్రక్షన్లు: ఏ7లో నంబర్ పెట్టు, ఈకాల్ (కెర్నల్‌లోకి దూకించే ఇన్‌స్ట్రక్షన్) చెయ్యి, రిటర్న్ అవ్వు. ఇవి యూసిస్.ఎస్ అనే ఫైల్లో ఉంటాయి, కానీ ఆ ఫైల్‌ని నువ్వు రాయకూడదు. యూసిస్.పీఎల్ అనే చిన్న పెర్ల్ స్క్రిప్ట్ దాన్ని పుట్టిస్తుంది. నువ్వు నేరుగా యూసిస్.ఎస్‌లో లైన్ కలిపినట్టున్నావు. అందుకే కాసేపు పని చేసింది, మేక్ క్లీన్ ఆ ఫైల్‌ని తుడిచేయగానే ఎర్రర్ మళ్లీ ప్రత్యక్షమైంది. ఎంట్రీ యూసిస్.పీఎల్‌లో పెట్టు, ఆ గొడవ మళ్లీ రాదు.

అటువైపు సిస్‌కాల్.హెచ్‌లో నంబర్ ఉంటుంది. ఫోర్క్ 1 నుంచి క్లోజ్ 21 దాకా ఇప్పటికే ఉన్నాయి కాబట్టి నీది 22. సిస్‌కాల్.సిలో ఆ నంబర్‌కి ఎదురుగా ఫంక్షన్ పేరు పెట్టే టేబుల్ ఉంది, దాని పైన ఎక్స్‌టర్న్ డిక్లరేషన్లు ఉన్నాయి, రెండు చోట్లా నీ సిస్_కేఇన్ఫో చేరాలి. నీ మొదటి ఎర్రర్ ఇక్కడిదే. ఆ లైన్ ఒకసారి జాగ్రత్తగా చూడు: '3 కేఇన్ఫోటెస్ట్: అన్‌నోన్ సిస్ కాల్ 22'. మొదటి 3 అన్నది ప్రాసెస్ నంబర్, ఎందుకంటే 1 ఇనిట్, 2 షెల్, నువ్వు కొట్టిన మొదటి కమాండ్ 3. అంటే నీ నంబర్ కెర్నల్ దాకా భేషుగ్గా వచ్చింది, ఇటువైపు పని అంతా సరిగ్గానే ఉంది, అటు టేబుల్లోనే గడి ఖాళీ. అప్పుడు కెర్నల్ ఆ లైన్ ప్రింట్ చేసి ఏ0లో మైనస్ ఒకటి పెట్టి పంపేస్తుంది. ఇంత స్పష్టంగా తప్పు ఎక్కడుందో చూపించే ఎర్రర్ మెసేజ్ ఈ ల్యాబ్ మొత్తంలో ఇంకోటి లేదు.

నంబర్ల గురించి ఒక మాట. ఎక్స్‌వీ6లో నీకు 22 నచ్చకపోతే 40 పెట్టుకో, రెండు వైపులా ఒకేసారి కంపైల్ అవుతాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. లినక్స్‌లో అలా కుదరదు. అక్కడ ఎవరో ఎప్పుడో కంపైల్ చేసి పెట్టుకున్న ప్రోగ్రామ్ పాత నంబర్‌తోనే వస్తుంది, ఒకసారి ఇచ్చిన నంబర్ ఇచ్చినట్టే. అందుకే అక్కడ కొత్త సిస్టమ్ కాల్ చేర్చాలంటే అంత వాదన నడుస్తుంది.

మేక్‌ఫైల్‌లో టెస్ట్ ప్రోగ్రామ్ పేరు చేర్చడం చిన్న పని. లైన్ చివర బ్యాక్‌స్లాష్ తర్వాత స్పేస్ ఉండకూడదు, ప్రోగ్రామ్ పేరు 14 అక్షరాలు దాటకూడదు, ఈ ఫైల్ సిస్టమ్‌లో పేరుకి ఉన్న చోటు అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీ వీడియో పాతది, ఎక్స్86 (ఇంటెల్ రకం ప్రాసెసర్) మీద నడిచే ఎక్స్‌వీ6కి చేసింది. ఎక్స్‌వీ6ని ఎంఐటీలో 2006లో ఓఎస్ కోర్సు కోసం తయారు చేశారు. 1975 నాటి యూనిక్స్ ఆరో వెర్షన్‌ని, అంటే థాంప్సన్, రిచీల యూనిక్స్‌ని, ఈ కాలపు సిలో మళ్లీ రాశారు, పేరులో 6 అక్కడిదే. చాలా ఏళ్లు అది ఎక్స్86 మీదే నడిచింది, 2019 నుంచి రిస్క్-ఫైవ్ అనే ఇంకో రకం ప్రాసెసర్‌కి మారింది. యూట్యూబ్‌లో ఉన్న వీడియోల్లో చాలా పాత దాని మీదే. గుర్తు పట్టడం తేలిక. ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో కలగాపులగంగా ఉంటాయి, యూజర్ ప్రోగ్రామ్‌లో ప్రింట్‌ఎఫ్ మొదటి ఆర్గ్యుమెంట్‌గా 1 రాస్తారు, యూసిస్.ఎస్‌ని చేత్తో ఎడిట్ చేస్తారు, పాయింటర్ తీసుకోవడానికి ఆర్గ్‌పీటీఆర్ అనే ఫంక్షన్ వాడతారు. నీ కాపీలో ఆర్గ్‌పీటీఆర్ లేదు కాబట్టి కంపైల్ అవ్వలేదు, అది తీసేసి ఆర్గ్‌యాడర్ పెట్టి, వచ్చిన అడ్రస్‌ని స్ట్రక్చర్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి, బాణం గుర్తుతో నేరుగా రాసేశావు. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఎస్‌కాజ్ విలువ ఎఫ్, ఎస్‌టీవాల్ విలువ 3ఎఫ్‌బీ0. ఈ రెండూ చూస్తే చాలు, నీ కోడ్ చూడకుండానే చెప్పొచ్చు.

ఎస్‌కాజ్ ఎఫ్ అంటే 15, స్టోర్ పేజ్ ఫాల్ట్. ఎక్కడో రాయబోతే ఆ పేజీ (4096 బైట్ల మెమరీ ముక్క) మ్యాప్ అయి లేదు అని అర్థం. చదవబోయి దెబ్బ తింటే 13 వచ్చేది. రాయబోయిన అడ్రస్ ఎస్‌టీవాల్‌లో ఉంటుంది. 3ఎఫ్‌బీ0 అంటే ఇంత చిన్న అడ్రస్ కెర్నల్‌ది కానే కాదు. క్యూఎము (మెషీన్‌ని అనుకరించే ఎమ్యులేటర్) మీద నడిచే ఎక్స్‌వీ6లో కెర్నల్ కోడ్ హెక్సాలో 80000000 దగ్గర మొదలవుతుంది. 3ఎఫ్‌బీ0 అన్నది నీ టెస్ట్ ప్రోగ్రామ్ స్టాక్ అడ్రస్, నువ్వు మెయిన్‌లో డిక్లేర్ చేసిన స్ట్రక్చర్ అక్కడ కూర్చుంది.

మరి యూజర్ ఇచ్చిన అడ్రస్ సరైనదే అయినప్పుడు కెర్నల్ అక్కడ ఎందుకు రాయలేకపోయింది? ఎందుకంటే ఈ ఎక్స్‌వీ6లో ప్రతి ప్రాసెస్‌కీ ఒక పేజ్ టేబుల్ (ఏ అడ్రస్ ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక), కెర్నల్‌కి ఇంకో పేజ్ టేబుల్. మెయిన్ రోడ్డులో 12వ నంబర్ ఇల్లు అంటే రాయగడలో ఒకరిది, పార్వతీపురంలో వేరొకరిది, అడ్రస్ ఒకటే అయినా ఊరు మారితే ఇల్లు మారుతుంది. నీ ప్రోగ్రామ్ పేజ్ టేబుల్లో 3ఎఫ్‌బీ0 దగ్గర స్టాక్ ఉంది. కెర్నల్ పేజ్ టేబుల్లో ఆ దిగువ ప్రాంతమంతా ఖాళీ. అందులో మ్యాప్ అయినవి సీరియల్ పోర్ట్, డిస్క్, ఇంటరప్ట్ కంట్రోలర్ లాంటి డివైజులు, కెర్నల్ కోడ్, మిగతా ర్యామ్, ట్రాంపొలిన్ (యూజర్ నుంచి కెర్నల్‌కి మారేటప్పుడు నడిచే కోడ్ ఉన్న పేజీ), కెర్నల్ స్టాకులు. పాత ఎక్స్86 ఎక్స్‌వీ6లో సిస్టమ్ కాల్ సమయంలో కెర్నల్ కూడా ఆ ప్రాసెస్ పేజ్ టేబుల్ మీదే నడిచేది, అందుకే ఆ వీడియోలో పాయింటర్‌ని నేరుగా వాడినా చెల్లింది.

ఇది కళ్లారా చూడాలంటే ఒక సాయంత్రం జీడీబీ అనే డీబగ్గర్‌తో కూర్చో. ఒక టెర్మినల్‌లో మేక్ క్యూఎము-జీడీబీ, ఇంకో దాంట్లో జీడీబీ-మల్టీఆర్క్. నీ ప్రోగ్రామ్‌లో ఈకాల్ ఉన్న అడ్రస్ కేఇన్ఫోటెస్ట్.ఏఎస్ఎమ్‌లో దొరుకుతుంది, అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ముందుకు వెయ్యి. పీసీ (ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉన్నామో చెప్పే రిజిస్టర్) ఒక్క దూకుతో అడ్రస్ స్పేస్ పైకొనలో ఉన్న ట్రాంపొలిన్ పేజీకి వెళ్తుంది. అప్పుడు ఏ పేజ్ టేబుల్ వాడుకలో ఉందో చెప్పే ఎస్‌ఏటీపీ రిజిస్టర్ ప్రింట్ చేసి చూడు, మారలేదు, ఇంకా యూజర్ పేజ్ టేబులే. రిజిస్టర్లు చూడు, అవీ యూజర్‌వే. స్టాక్ పాయింటర్ కూడా యూజర్‌దే. ఈకాల్ చేసేది చాలా తక్కువ పని. యూజర్ మోడ్ నుంచి సూపర్‌వైజర్ మోడ్‌కి మారుస్తుంది, పాత పీసీని ఎస్‌ఈపీసీలో దాస్తుంది, ఎస్‌టీవెక్ చెప్పిన చోటుకి దూకుతుంది. రిజిస్టర్లు ట్రాప్‌ఫ్రేమ్ అనే ఆ ప్రాసెస్ సొంత పేజీలో భద్రపరచడం, కెర్నల్ స్టాక్‌కి మారడం, పేజ్ టేబుల్ మార్చడం అన్నీ ట్రాంపొలిన్‌లో ఉన్న అసెంబ్లీ చేస్తుంది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ఎగ్జామినర్ వైవాలో 'ఈకాల్ ఏం చేస్తుంది?' అని అడిగితే, సగం మంది ఈ పనులన్నీ గంపగుత్తగా ఈకాల్ ఖాతాలో రాసేస్తారు. అక్కడే మార్కులు పోతాయి. ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు, యూజర్‌ట్రాప్‌లో ఈపీసీకి 4 ఎందుకు కలుపుతారని. ఎస్‌ఈపీసీలో ఉన్నది ఈకాల్ అడ్రసే. కలపకపోతే వెనక్కి వచ్చి మళ్లీ అదే ఈకాల్ చేస్తుంది, అలా తిరుగుతూనే ఉంటుంది.

సరే, మందు ఏంటంటే కాపీఅవుట్. కెర్నల్‌లో ఒక లోకల్ స్ట్రక్చర్ తీసుకుని దాన్ని నింపు. ఆర్గ్‌యాడర్‌తో యూజర్ ఇచ్చిన అడ్రస్ తీసుకో, దాన్ని పాయింటర్ చెయ్యకుండా యూఇంట్64గానే (64 బిట్ల పూర్ణాంకంగానే) ఉంచుకో. ఆ ప్రాసెస్ పేజ్ టేబుల్, ఆ అడ్రస్, నీ లోకల్ స్ట్రక్చర్, దాని సైజు, ఈ నాలుగూ కాపీఅవుట్‌కి ఇవ్వు. అది సాఫ్ట్‌వేర్‌లోనే యూజర్ పేజ్ టేబుల్ నడిచి ఆ పేజీ అసలు ఎక్కడుందో వెతికి, అది యూజర్‌కి అనుమతి ఉన్న పేజీయేనా అని చూసి, అప్పుడు కాపీ చేస్తుంది. పేజీ పేజీకీ విడిగా వెతుకుతుంది, అదీ ముఖ్యమే. నీ 16 బైట్ల స్ట్రక్చర్ రెండు పేజీల సరిహద్దు మీద పడిందనుకో, ఆ రెండు పేజీలు ర్యామ్‌లో ఎక్కడెక్కడో ఉండొచ్చు. అడ్రస్ తప్పైతే మైనస్ ఒకటి ఇస్తుంది, నువ్వు కూడా మైనస్ ఒకటే తిరిగిచ్చేయి. కాపీఅవుట్ ఏం తిరిగిచ్చిందో చూడకుండా వదిలేసిన కోడ్ నా దగ్గరకి వస్తే నేను మార్కులు కోస్తాను, మీ సార్ సంగతి నాకు తెలియదు. సిస్‌ఫైల్.సిలో ఎఫ్‌స్టాట్, ఫైల్.సిలో ఫైల్‌స్టాట్ ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు, నీకు కావలసిన వరస మొత్తం అక్కడ ఉంది.

నీ ఫ్రెండ్ సున్నా సంగతి నాకు పానిక్ కన్నా నచ్చింది. అతను కాపీఅవుట్ సరిగ్గానే వాడి ఉంటాడు, లేకపోతే మెమరీ అంకె సరిగ్గా రాదు. తేడా స్ట్రక్చర్‌లో ఉంది. కెర్నల్ వైపు రెండూ యూఇంట్64 అని రాసుకున్నాడు, టెస్ట్ ప్రోగ్రామ్‌లో అదే స్ట్రక్చర్ మళ్లీ టైప్ చేస్తూ రెండూ ఇంట్ అని రాసుంటాడు. కాగితం మీద గీసి చూడు. కెర్నల్ 16 బైట్లు రాస్తుంది, మొదటి 8 ఖాళీ మెమరీ, తర్వాతి 8 ప్రాసెస్‌ల సంఖ్య. యూజర్ వైపు మొదటి 4 బైట్లే ఖాళీ మెమరీ అనుకుంటుంది. రిస్క్-ఫైవ్‌లో చిన్న బైట్లు ముందు వస్తాయి, మొత్తం ర్యామ్ 128 ఎంబీయే కాబట్టి ఆ 4 బైట్లలోనే విలువ అంతా ఇమిడిపోతుంది, అందుకే అంకె సరిగ్గా కనిపించింది. తర్వాతి 4 బైట్లని ప్రాసెస్‌ల సంఖ్య అనుకుంటుంది, నిజానికి అవి ఖాళీ మెమరీ విలువలో పై సగం, అంటే ఎప్పుడూ సున్నా. అసలు ప్రాసెస్‌ల సంఖ్య ఆ తర్వాత ఉన్న 8 బైట్ల మీద పడింది, అక్కడ స్టాక్ మీద ఇంకేదో ఉండి ఉంటుంది, దాన్ని చెరిపేసింది. ఇవాళ సున్నాతో పోయింది, ఇంకో రెండు వేరియబుల్స్ కలిపితే రేపు ప్రోగ్రామ్ వింతగా ప్రవర్తిస్తుంది. స్ట్రక్చర్‌ని ఒకే హెడర్‌లో, కెర్నల్ ఫోల్డర్‌లో కేఇన్ఫో.హెచ్ అని పెట్టి రెండు వైపులా దాన్నే ఇన్‌క్లూడ్ చెయ్యమను. స్టాట్.హెచ్ అలాగే ఉంది చూడు. టైప్స్.హెచ్ దానికంటే ముందు రావాలి.

ఇదే జాతిలో ఇంకో దొంగ ఉంది, మీ ఇద్దరూ ఇంకా దాని బారిన పడలేదు గానీ పడేవాళ్లని చాలామందిని చూశాను. సిస్_కేఇన్ఫో ఫంక్షన్‌ని బ్రాకెట్లలో స్ట్రక్చర్ పాయింటర్‌తో రాస్తారు, యూజర్ ప్రోగ్రామ్‌లో అలాగే పిలిచాం కదా అని. సిస్‌కాల్.సిలో ఎక్స్‌టర్న్ మాత్రం వాయిడ్ అని ఉంటుంది. రెండూ వేరే ఫైళ్లు, కంపైలర్ ఒకసారి ఒక ఫైలే చూస్తుంది, లింకర్ పేరే చూస్తుంది, టైపు చూడదు. ఏ ఎర్రర్ లేకుండా బిల్డ్ అయిపోతుంది. పిలిచినప్పుడు ఆ పాయింటర్‌లోకి వచ్చేది ఆ క్షణాన ఏ0లో ఏం మిగిలి ఉంటే అది. అదృష్టం బాగోకపోతే అది కాస్త ముందు మైప్రాక్ తిరిగిచ్చిన ప్రాసెస్ పాయింటరే అయి ఉండొచ్చు. అప్పుడు నువ్వు రాసేది ఆ ప్రాసెస్ స్ట్రక్చర్ మొదట్లో ఉన్న లాక్ మీద. అక్కడి నుంచి ఏ ఎర్రర్ ఎక్కడ వస్తుందో బ్రహ్మకి కూడా తెలియదు. అటువైపు ఫంక్షన్లన్నీ వాయిడ్ తీసుకోవడానికి కారణం ఇదే, ఆర్గ్యుమెంట్లు ట్రాప్‌ఫ్రేమ్‌లో ఉన్నాయి, ఆర్గ్‌ఇంట్, ఆర్గ్‌యాడర్, ఆర్గ్‌ఎస్‌టీఆర్‌తో నువ్వే వెళ్లి తెచ్చుకోవాలి.

గీత సంగతి అయింది, ఇక లెక్కపెట్టే పని. ఖాళీ పేజీల లిస్ట్ కేఅలాక్.సిలో ఉంది, ఆ లిస్ట్ తల ఆ ఫైల్ దాటి బయటికి కనపడదు కాబట్టి లెక్కపెట్టే చిన్న ఫంక్షన్ అక్కడే రాయి. ప్రాసెస్‌లది ప్రాక్.సిలో రాయి. రెండిటి డిక్లరేషన్లూ డెఫ్స్.హెచ్‌లో పెట్టు. ఖాళీ పేజీలు లెక్కపెట్టి 4096తో గుణిస్తే బైట్లు. ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. లాక్ (ఒకసారికి ఒక్క సీపీయూనే ముట్టుకోనిచ్చే తాళం) దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. 'సార్, నేను చదువుతున్నా అంతే, రాయట్లేదు కదా, లాక్ ఎందుకు?' అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. నీ క్యూఎము మామూలుగా 3 సీపీయూలతో లేస్తుంది. నువ్వు ఒక సీపీయూ మీద ఆ లిస్ట్‌లో ఒక పేజీ మీద నిలబడి ఉండగా ఇంకో సీపీయూ అదే పేజీని తీసేసుకోవచ్చు. కేఅలాక్ పేజీ ఇచ్చేముందు దాన్నంతా 05 బైట్లతో నింపుతుంది, పాత విలువ మీద ఆధారపడే బగ్‌లు బయటపడాలని. 'తర్వాతి పేజీ ఎక్కడ?' అని నువ్వు చదివేది ఆ పేజీ మొదటి 8 బైట్లనే. అప్పుడు ఎస్‌టీవాల్‌లో 5, 0, 5, 0 అంటూ వరసగా కనిపిస్తుంది. ఆ అంకె చూడగానే లాక్ గుర్తు రావాలి. పానిక్ వస్తే నయం. ఆ పేజీని తీసుకున్నవాళ్లు సున్నాలతో తుడిచాక నువ్వు చదివితే లిస్ట్ అయిపోయిందనుకుని మధ్యలో ఆగిపోతావు, తక్కువ అంకె వస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు.

ప్రాసెస్‌ల టేబుల్లో 64 గడులు ఉంటాయి, ఒక్కో దానికి ఒక్కో లాక్. గడి లాక్ తీసుకో, స్టేట్ అన్‌యూజ్డ్ కాకపోతే ఒకటి కలుపు, లాక్ వదులు. అన్‌యూజ్డ్ అయితే కంటిన్యూ అని రాసేవాళ్లున్నారు, లాక్ తీసుకున్నాక, వదలకముందే. ఆ గడి లాక్ అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎవరో దాని కోసం వస్తారు. అదే సీపీయూ అయితే 'పానిక్: అక్వైర్', వేరే సీపీయూ అయితే అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. మెషీన్ బిగుసుకుపోయింది, ఏమీ ప్రింట్ అవ్వలేదు అంటే ముందు ఇదే వెతుకు. రెండు అంకెలూ ఒకే క్షణానివి అయి ఉండాలని అన్ని లాకులూ ఒకేసారి పట్టుకోవద్దు, ఆ వరస తప్పితే డెడ్‌లాక్, ఒకరి కోసం ఒకరు ఆగి ఎవరూ కదలరు. అంత ఖచ్చితత్వం ఈ సిస్టమ్ కాల్‌కి అక్కర్లేదు. అంకెలు లోకల్ వేరియబుల్స్‌లోకి తీసుకుని, లాకులన్నీ వదిలేశాకే కాపీఅవుట్ పిలువు.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? షెల్ నుంచి నీ టెస్ట్ నడిపితే ప్రాసెస్‌లు 3 రావాలి, ఇనిట్, షెల్, నీది. 64 వస్తే స్టేట్ చూడకుండా లెక్కపెట్టావు. 1 వస్తే రన్నింగ్ స్టేట్‌లో ఉన్నవాటినే లెక్కపెట్టావు, మిగతా రెండూ నిద్రపోతున్నాయి. జాంబీలని, అంటే ఎగ్జిట్ అయినా పేరెంట్ ఇంకా వెయిట్ పిలవని ప్రాసెస్‌లని, లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మీ ల్యాబ్ షీట్‌లో రాసి లేకపోతే సార్‌ని అడుగు, రెండూ సమర్థించుకోవచ్చు. ఫోర్క్‌తో పిల్ల ప్రాసెస్ పుట్టించి, అది ఎగ్జిట్ అయ్యాక వెయిట్ పిలవకముందు ఒకసారి, పిలిచాక ఒకసారి ప్రింట్ చేస్తే తేడా తెలుస్తుంది. ఖాళీ మెమరీ 4096తో నిశ్శేషంగా భాగించబడాలి, 134217728 కన్నా తక్కువ ఉండాలి, కెర్నల్ తాను కూర్చున్న చోటు అందులోంచి పోతుంది కాబట్టి. ప్రోగ్రామ్ మెమరీ పెంచే ఎస్‌బీఆర్‌కేని 4096తో పిలిచి మళ్లీ చూస్తే ఒక పేజీ తగ్గాలి. చివరగా, కేఇన్ఫోకి కావాలని తప్పు అడ్రస్ ఇవ్వు, ఆకాశమంత పెద్ద అంకె ఏదైనా. మైనస్ ఒకటి వచ్చి ప్రోగ్రామ్ ముందుకు సాగాలి. అక్కడ కెర్నల్ పానిక్ అయితే మిగతావన్నీ సరిగ్గా వచ్చినా నీ సిస్టమ్ కాల్ పాసవ్వనట్టే, ఏ యూజర్ ప్రోగ్రామ్ అయినా ఆ ఒక్క లైన్‌తో మెషీన్‌ని పడుకోబెట్టేయగలదు.

ల్యాబ్ సిస్టమ్‌లలో ఉబుంటు 22.04 ఉండి నీ లాప్‌టాప్‌లో 24.04 ఉంటే ఒక తిరకాసు ఉంది. కొత్త ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్ క్యూఎము కనీసం 7.2 ఉండాలంటుంది, 22.04తో వచ్చేది 6.2. ఇంట్లో నడిచింది ల్యాబ్‌లో లేవదు, పరీక్ష రోజు టెన్షన్. ల్యాబ్‌లో ఇచ్చిన కాపీనే ఇంటికి తెచ్చుకుని దాని మీదే పని చెయ్యి.

కాపీఅవుట్ పెట్టాక కూడా పానిక్ వస్తే ఇక స్క్రీన్ మొత్తం ఫోటో తీసి పంపొద్దు. ఎస్‌కాజ్, ఎస్‌ఈపీసీ, ఎస్‌టీవాల్ ఉన్న ఆ ఒక్క లైన్ చాలు. ఎస్‌ఈపీసీ అడ్రస్‌ని కెర్నల్ ఫోల్డర్‌లోని కెర్నల్.ఏఎస్ఎమ్‌లో వెతుకు, ఏ ఫంక్షన్‌లో ఏ సి లైన్ దగ్గర పడిందో దాని పైనే రాసి ఉంటుంది. ఆ పది లైన్లు కూడా కాపీ చేసి పెట్టు, ఈ ఆదివారం చూస్తాను.